ప్లైవుడ్ బోర్డులో బుడగలు: పన్నెండు వారాల క్వాలిటీ డైరీ

1వ వారం

గత మూడు నెలల రిజెక్టు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. తేదీ ఉంది, షిఫ్టు ఉంది, ఎన్ని బోర్డులు పక్కన పెట్టారో ఉంది. కారణం రాయాల్సిన గడిలో మాత్రం సగానికి పైగా చోట్ల "బాగా లేదు" అని రాసి ఉంది. బాగా లేదని నాకూ తెలుసు, అందుకే కదా ఈ పని నా నెత్తిన పడింది. పన్నెండు వారాల్లో 12 మి.మీ. మందం, ఏడు పొరల బోర్డుల్లో లోపాలను సగానికి తగ్గించాలి.

తనిఖీ బల్ల దగ్గర ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. పెద్దాయన చెక్క పుల్లతో బోర్డు మీద కొడుతూ చెవితో వింటాడు. లోపల బుడగ ఉంటే మోత మారుతుంది, గుల్లగా వినిపిస్తుంది. చిన్నవాడు అంచులు చూస్తాడు, పైపొర మీద చెయ్యి వేసి చూస్తాడు. ఒకరి పద్ధతి మరొకరికి నచ్చదు.

ఎవరి మాట నమ్మాలో తేలకుండా లెక్కలు మొదలుపెట్టడం వృథా అనిపించింది. యాభై బోర్డులకు వెనుక అంకెలు వేసి, ఇద్దరికీ విడివిడిగా చూపించాను. పెద్దాయన 10 బోర్డులు తీసేశాడు, చిన్నవాడు 12. ఇద్దరూ తీసేసినవి 5 మాత్రమే. ఇద్దరి మాటా కలిసినవి మొత్తం 38, అంటే 76 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఎక్కువ బోర్డులు మంచివే అయినప్పుడు, ఇద్దరూ కళ్లు మూసుకుని చెప్పినా చాలాసార్లు మాట కలుస్తుంది. ఆ యాదృచ్ఛిక పొత్తును తీసేసి చూడటానికే 1960లో జేకబ్ కోహెన్ కప్పా అనే కొలత చెప్పాడు. మా అంకెలతో వేస్తే కాకతాళీయంగా కలిసేది 65.6 శాతం, కప్పా 0.30. ఒకటికి దగ్గరగా ఉండాల్సిన అంకె ఇది. ఇంత బలహీనమైన కొలబద్దతో ఏ మార్పు తెచ్చినా, అది మార్పో ఇన్‌స్పెక్టరు మారడమో చెప్పలేం.

మాట కలవని 12 బోర్డులనూ కోయించాను. పెద్దాయన ఒక్కడే తీసేసిన ఐదింటిలో నాలుగింట్లో నిజంగానే లోపల బుడగ ఉంది. ఆ చెవికి దండం పెట్టాలి. చిన్నవాడు ఒక్కడే తీసేసిన ఏడింటిలో ఆరు కోర్ ఖాళీలు: లోపలి పొర ముక్కల మధ్య సందు. అవి పెద్దాయన లెక్కలో అసలు లోపమే కాదు, "ఇది ఎప్పుడూ ఉండేదే" అన్నాడు. తేడా చూపులో లేదు, ఏది లోపం అన్న మాటలోనే ఉంది.

వారం చివరికి కోసిన ముక్కలనే గోడకు మేకులతో బిగించాం. ఇది బుడగ, ఇది పొర విడిపోవడం, ఇంత సందు దాటితే కోర్ ఖాళీ. ఇంకో నియమం కూడా: బోర్డు పూర్తిగా చల్లారాకే పుల్లతో కొట్టాలి, వేడి బోర్డు మోత మోసం చేస్తుందని పెద్దాయనే చెప్పాడు. మళ్లీ పరీక్ష పెడితే కప్పా 0.8 దాటింది. మొదలుపెట్టవచ్చు.

2, 3 వారాలు

పన్నెండు పని రోజులు ఏమీ మార్చకుండా లెక్క మాత్రమే రాశాం. ఇది అందరికంటే నాకే కష్టంగా గడిచింది. రోజూ కళ్ల ముందు చెడిపోతున్న బోర్డులను చూస్తూ చేతులు కట్టుకుని ఉండాలి.

రోజుకు 300 బోర్డుల చొప్పున 3,600 చూశాం. లోపాలున్నవి 216, అంటే 6 శాతం. బుడగలు 97, కోర్ ఖాళీలు 52, పొరలు విడిపోయినవి 31, సాండింగ్‌లో (పైపొరను రాపిడితో నునుపు చేసేటప్పుడు) పైపొర తినేసినవి 22, మిగతావి 14. ఇటలీ ఆర్థికవేత్త పరేటో పేరును క్వాలిటీ పనికి అంటగట్టినవాడు జోసెఫ్ జురాన్. ఎక్కువ నష్టం కొద్ది కారణాల నుంచే వస్తుందన్న ఆ సంగతి ఇక్కడా నిజమే. బుడగలతోనే మొదలుపెడతాం.

రోజువారీ శాతాలను గ్రాఫు మీద పెట్టి కంట్రోల్ గీతలు గీశాను. 1924లో వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి పంపిన ఒక పేజీ నోట్‌లో మొదటిసారి గీసిన చార్టు ఇది. రోజుకు 300 చూస్తూ సగటు 6 శాతం ఉంటే, పై గీత 10.1 దగ్గర, కింది గీత 1.9 దగ్గర పడతాయి. ఈ రెండింటి మధ్య ఊగిసలాట ఏ ఒక్క రోజు తప్పూ కాదు, ఈ పద్ధతిలో పనిచేస్తే వచ్చే సహజమైన ఊపు. ఒక రోజు 9 శాతం వచ్చింది, ఫ్లోర్ మీద కేకలు వినిపించాయి. మర్నాడు 4 శాతానికి తగ్గింది. కేకలు పనిచేశాయని మేనేజరు అనుకున్నారు. చార్టు తీసుకెళ్లి చూపించాను. నవ్వలేదు కానీ, ఆ తర్వాత కేకలు తగ్గాయి.

ఇంకో కాగితం కూడా పెట్టాను. బోర్డు బొమ్మ గీసి, బుడగ ఎక్కడ వస్తే అక్కడ చుక్క పెట్టమన్నాను. రెండు వారాల తర్వాత ఆ కాగితం చూస్తే చుక్కలన్నీ ఒక పక్కకు ఒరిగినట్టున్నాయి. అంచుల్లో దాదాపు లేవు. ప్రెస్‌లో వేడికి పుట్టే ఆవిరికి అక్కడ బయటకు దారి ఉంటుంది కాబట్టి అది అర్థమయింది. మిగిలిన వాటిలో చాలా భాగం కుడి సగంలోనే ఉన్నాయి.

4వ వారం

కుడివైపు అంటే, పొరలను వేడి ప్లేట్ల మధ్య నొక్కి అతికించే హాట్ ప్రెస్సే అని నిర్ణయించేశాను. ప్లేటు కుడివైపు ఎక్కువ వేడెక్కుతోంది, లేదా తక్కువ వేడెక్కుతోంది, ఏదో ఒకటి. మూడు రోజులు ప్రెస్ దగ్గరే ఉండి, ప్రతి ప్లేటు మీదా తొమ్మిది చోట్ల ఉష్ణోగ్రత కొలిచాం. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుకు 110 డిగ్రీల దగ్గర పెట్టిన ప్రెస్ అది. ఎక్కడ కొలిచినా 108కీ 112కీ మధ్యే. ఎడమ కుడి తేడా లేదు. నాకు కాస్త కోపం కూడా వచ్చింది, తప్పు ఉండాల్సిన చోట లేనందుకు.

నాలుగో రోజు ప్రెస్ ఆపరేటరు ఒక మాట అన్నాడు: "సార్, ప్రెస్‌దే తప్పయితే బోర్డును తిప్పి పెట్టినా బుడగ ప్రెస్‌కు కుడివైపే రావాలి కదా."

అంత తేలికైన పరీక్ష నాకెందుకు తట్టలేదు? పేర్చిన పొరలను అటుదిటు తిప్పి రెండు షిఫ్టులు ప్రెస్‌లో పెట్టించాం. బుడగలు ఎడమవైపుకు వచ్చేశాయి. అవి బోర్డుతో పాటే తిరుగుతున్నాయి. అంటే ప్రెస్‌కు రాకముందే బోర్డు కుడి భాగంలో తేడా ఉంది. థర్మోమీటరుతో పోయిన మూడు రోజుల బదులు మొదటి రోజే ఆ కుర్రాణ్ని అడిగి ఉండాల్సింది.

5వ వారం

ప్రెస్‌కు ముందు జిగురు రోలర్. కోర్ పొర రెండు వైపులా జిగురు పూసుకుని బయటికొస్తుంది. కోర్ వెడల్పులో ఎడమ, నడుమ, కుడి భాగాల్లో ఒకే కొలత ముక్కలు కోసి, రోలర్లలోంచి పంపి, ముందూ తర్వాతా తూచాం. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు ఎడమన 340 గ్రాములు, నడుమ 350, కుడిన 430. కుడిచివర రోలర్ల మధ్య సందు వదులైంది.

ఎనభై గ్రాముల జిగురు అంత పని చేస్తుందా అని మిక్సింగ్ దగ్గర ఒకరు అడిగారు. నాకూ అనుమానం ఉండేది, లెక్క వేశాను. 12 మి.మీ. బోర్డు ఒక చదరపు మీటరు బరువు సుమారు 7.2 కిలోలు. ఏడు పొరల్లో జిగురు పూసే కోర్‌లు మూడు. ఒక్కోదానికి 350 గ్రాములైతే మొత్తం 1,050, అందులో సగం నీళ్లనుకుంటే 525 గ్రాములు. అంటే చెక్కలో ఉన్న 8 శాతం తేమకు జిగురు ఒక్కటే ఇంకో 7 శాతం జోడిస్తోంది. కుడివైపు 430 చొప్పున వేస్తే ఆ 7 కాస్తా 9కి చేరుతుంది. డ్రయ్యర్‌లో ఒక్కో శాతం తేమ తీయడానికి అంత మంట పెట్టి, నాలుగడుగుల అవతల చెంబులతో తిరిగి పోస్తున్నాం.

ఆ నీరంతా ప్రెస్‌లో ఆవిరవుతుంది. మామూలు గాలి పీడనంలో నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. ప్రెస్ బిగించి ఉన్నంతసేపు ఆ ఆవిరి అణిగి ఉంటుంది. ప్లేట్లు ఒక్కసారిగా తెరిస్తే ఎక్కడ జిగురు పట్టు తక్కువగా ఉంటే అక్కడ పొరలను లేపి బయటికి రావాలని చూస్తుంది. అదే బుడగ.

రోలర్ సందు సరిచేశాం. బుడగలు తగ్గాయి, కుడి ఎడమ తేడా పోయింది. కానీ పోకుండా ఉన్నవి ఇంకా చాలానే. చుక్కల కాగితం ఇప్పుడు బోర్డు నడుమంతా సమానంగా నిండుతోంది.

6వ వారం

చోటు చెప్పాల్సింది చెప్పింది, ఇక సమయం చెప్పాలి. ఏ బోర్డు ఏ గంటలో పేర్చారో తెలిస్తే చాలు. పేర్చేటప్పుడు అంచు మీద సుద్దతో టైము రాయించాను. సాయంత్రం తనిఖీ బల్ల దగ్గర ఒక్క బోర్డు మీదా టైము లేదు. ఉండదు మరి, అంచులు కోసేది తనిఖీకి ముందే! రోజంతా రాసిన సమాచారం చెత్తబుట్టలో రంపపు ముక్కలతో కలిసి ఉంది. మర్నాడు వెనుక పొర మీద రాయించాను, అది సాండింగ్‌లో పోయింది. మూడో రోజు నుంచి ప్రతి దొంతరతో ఒక చీటీ ప్రయాణం చేసింది.

ఆ వారం బుడగలను గడియారం ప్రకారం పరిస్తే ఏమీ కనిపించలేదు. జిగురు కలిపినప్పటి నుంచి ఎంతసేపయింది అన్న లెక్కతో పరిస్తే కనిపించింది. కొత్తగా కలిపిన జిగురుతో మొదటి గంటలో పేర్చిన బోర్డుల్లో బుడగలు అరుదు. తొట్టి ఖాళీ అయ్యే ముందు గంటన్నరలో గుంపుగా ఉన్నాయి.

పాతబడే కొద్దీ జిగురు చిక్కబడుతుంది. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పడ్డ తర్వాత అది ఆగదు. చిక్కటి జిగురులో నీరు ఎక్కువయ్యే వీలు లేదు, మరి ఆవిరెక్కడిది? రెండు రోజులు తల పట్టుకున్నాను.

మూడో రోజు మిక్సింగ్ తొట్టి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. భోజనం తర్వాత గంటకు, జిగురు కలిపే పెద్దాయన తొట్టి అంచుకు వేలాడుతున్న ప్లాస్టిక్ మగ్గు తీసి, పంపు దగ్గర నీళ్లు పట్టి, తొట్టిలో పోసి కలియబెట్టాడు. ఇరవై నిమిషాలకు ఇంకో మగ్గు.

నేను ఆరు వారాలుగా ఆ మగ్గును చూస్తూనే ఉన్నాను. దాని మీద చెయ్యి ఆనించి మాట్లాడిన రోజులు కూడా ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ఎన్ని మగ్గులు పోస్తారండీ?"

"లెక్కేముంది సార్. రోలరుకు పట్టకపోతే పోస్తాం. పొయ్యకపోతే లైను ఆగుతుంది, అప్పుడు మీరే అడుగుతారు."

చివరి మాటలో ఎత్తిపొడుపు ఉంది, న్యాయమూ ఉంది. లైను ఆగకూడదన్నది మేం చెప్పిన నియమం. నీళ్లు పోయకూడదని ఎవరమూ చెప్పలేదు. ఆయనకు పని నేర్పినవాళ్లూ ఇలాగే పోసేవారట. పైగా నీళ్లు పోస్తే పల్చబడుతుందే కానీ, లోపల మొదలైన గట్టిపడటం వెనక్కి పోదు. సగం పట్టు పోయిన జిగురులో నీళ్లు పెంచుతున్నాం. ఆవిరి ఎక్కువ, పట్టు తక్కువ. బుడగకు ఇంతకంటే ఏం కావాలి?

ఆయన మీద చర్య తీసుకోవాలని ఒక సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. తొట్టి నిండా ఒకేసారి కలపమన్నది ఉత్పత్తి ప్రణాళిక, ఆయన కాదు.

7వ వారం

నా తప్పిదాల్లో పెద్దది ఈ వారానిదే, దాచుకోవడం ఎందుకు.

జిగురును చిన్న చిన్న మోతాదుల్లో తరచుగా కలిపే ఏర్పాటుకు సమయం పడుతుంది. ఈలోగా వినీర్ (బోర్డుకు వాడే పల్చటి చెక్క పొర) తేమ తగ్గిస్తే సరిపోతుందని, డ్రయ్యర్ దగ్గర "8 దాటితే పంపొద్దు" అని చెప్పి వచ్చాను. మూడు రోజుల్లో బుడగలు బాగా తగ్గాయి. నాలుగో రోజుకు పొరలు విడిపోవడం రెట్టింపయింది.

కత్తి పరీక్ష చేశాం. జిగురు గీత వెంట కత్తి దూర్చి పొరను లేపితే, మంచి బోర్డులో చెక్క నారే చీలి వస్తుంది. వీటిలో పొర శుభ్రంగా ఊడొచ్చింది, జిగురు మెరుస్తూ ఒక పక్కే ఉండిపోయింది. అతి ఎండిన చెక్క జిగురులోని నీటిని తొందరగా పీల్చేసుకుంటుంది, దాని ఉపరితలం జిగురుకు సరిగా లొంగదు.

డ్రయ్యర్ ఆపరేటరు నా మాట అక్షరాలా పాటించాడు. బయటికొచ్చిన వేడి పొర మీదే సూదుల మీటర్ గుచ్చి చూశాడు. ఆ మీటర్ విద్యుత్ నిరోధాన్ని కొలిచి తేమగా చెబుతుంది. చెక్క వేడిగా ఉంటే నిరోధం తగ్గుతుంది, మీటర్ తేమ ఎక్కువ చూపిస్తుంది. ఆయన దాన్ని నమ్మి డ్రయ్యర్ వేగం తగ్గించాడు. అదే పొర ముక్క 52.4 గ్రాములుంటే, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఎండబెడితే 50.6కు వచ్చింది. పోయిన 1.8ని ఎండిన బరువుతో భాగిస్తే తేమ మూడున్నర శాతం. మీటర్ చూపించింది 8. పైగా 6 శాతం కంటే తక్కువలో ఈ రకం మీటర్‌ను నమ్మడానికి లేదు. సూచన ఇచ్చినవాణ్ని నేను, ఎలా కొలవాలో చెప్పనివాణ్నీ నేనే.

ఇప్పుడు కొలత డ్రయ్యర్ దగ్గర కాదు, చల్లారాక రోలర్ ముందు. గంటకు ఐదు పొరలు, వాటి సగటూ, పెద్ద చిన్న అంకెల మధ్య అంతరమూ రెండు చార్టుల మీద పెడుతున్నాం. సగటు 8.6, అంతరాల సగటు 3.0. ఐదేసి నమూనాలకు పట్టికలోని గుణకం 0.577 కాబట్టి సగటు గీతలు 6.9కీ 10.3కీ దగ్గర పడతాయి. అంతరం చార్టు పై గీత 6.3. సగటు చార్టు బుద్ధిగా ఉంది. అంతరం చార్టు రెండుసార్లు గీత దాటింది, రెండుసార్లూ దుంగ బయటి భాగం పొరలు, లోపలి భాగం పొరలు ఒకే దొంతరలో కలిసినప్పుడే. ఆ రెండింటికీ పచ్చిగా ఉన్నప్పుడే నీటి మోతాదు వేరు, డ్రయ్యర్ వేగం మాత్రం ఒకటే. వేరువేరుగా ఎండబెట్టడం మొదలుపెట్టాం.

8వ వారం

ఇకపై ఒకేసారి రెండు మార్పులు చేసి ఏది పనిచేసిందో తెలియక తల గోక్కోవడం వద్దనుకున్నాను. రెండు విషయాలు, ఒక్కోటి రెండు రకాలు: జిగురు తాజాదా, నీళ్లు కలిపిన పాతదా, ప్రెస్ పీడనం ఒక్కసారిగా వదలడమా, మూడు మెట్లలో నెమ్మదిగా వదలడమా. నాలుగు కలయికలు, ఒక్కోదానికి 30 బోర్డులు.

పాత జిగురు, ఒక్కసారిగా వదిలితే 7 బుడగలు. పాత జిగురు, నెమ్మదిగా వదిలితే 3. తాజా జిగురు, ఒక్కసారిగా వదిలితే 1. తాజా జిగురు, నెమ్మదిగా వదిలితే సున్నా.

ముప్పై బోర్డులు తక్కువే, ఒకటికీ సున్నాకూ తేడా ఉందని ప్రమాణం చేయలేను. కానీ నెమ్మదిగా వదలడం వల్ల లాభమంతా పాత జిగురు దగ్గరే కనిపిస్తోంది. ప్రతి దఫాకూ అదనంగా 40 సెకన్లు పడుతుంది కాబట్టి ఉత్పత్తి విభాగం గొణిగింది. తాజా జిగురు ఖాయమయ్యే దాకా మెట్లలోనే వదలాలని ఒప్పందం.

మగ్గు తీసేశాం. తొట్టి పక్కన అడుగున రంధ్రమున్న కప్పు, గోడకు గడియారం. కప్పు నిండా జిగురు పోసి ఎన్ని సెకన్లలో కారిపోతుందో చూడాలి. నిర్ణయించిన సెకన్లు దాటితే ఆ జిగురుతో పని ఆపి, కొత్త మోతాదు కలపాలి. చిన్న మోతాదులు కాబట్టి పారబోసేది తక్కువ. కలిపే నీటికి చెంబులు కాదు, త్రాసు.

9, 10, 11 వారాలు

కోర్ ఖాళీలకు ఇంత కథ లేదు. కోర్ ముక్కల అంచులు కోసే కత్తి మొద్దుబారి అంచు వంకరగా వస్తోంది. రెండు వంకర అంచులు ఎంత దగ్గరగా జరిపినా సందు ఉంటుంది. కత్తికి సాన పట్టే రోజు క్యాలెండరు మీదికెక్కింది. పేర్చిన దొంతరను హాట్ ప్రెస్‌కు మోసేలోపు ముక్కలు జరగకుండా, చల్లని ప్రెస్‌లో ముందుగా నొక్కే సమయం కాస్త పెంచాం.

సాండింగ్ లోపాలు ఏమీ చేయకుండానే సగం తగ్గాయి. కుడివైపు ఎక్కువ జిగురుతో ఆ పక్క మందం కూడా ఎక్కువై, సాండర్ అక్కడే పైపొరను తినేసేదన్నమాట. ముందే ఊహించి ఉంటే గొప్పగా చెప్పుకునేవాణ్ని.

12వ వారం

గత మూడు వారాల సగటు 2.5 శాతం. లక్ష్యం దాటాం. కొత్త సగటుతో గీతలు మళ్లీ గీశాను. పై గీత ఇప్పుడు 5.2. కింది గీత సున్నా కంటే దిగువకు పోతుంది కాబట్టి ఇక లేనట్టే.

నిన్న నేను సెలవులో ఉన్నాను. 300లో 19 పోయాయి, 6.3 శాతం. పాత గీతలతో చూస్తే అది మామూలు రోజు, ఎవరూ తల ఎత్తి చూసేవారు కాదు. కొత్త గీతను మాత్రం దాటేసింది, కాబట్టి వెతకాల్సిందే. లోపాల్లో ఎక్కువ బుడగలే, అవీ రోజంతా పరుచుకుని ఉన్నాయి. జిగురు పాతబడినప్పుడు మాత్రమే కాదు, కొత్త మోతాదుల్లోనూ ఉన్నాయి.

తొట్టి దగ్గరికెళ్లాను. జిగురు కలిపే పెద్దాయన ఇప్పుడు కప్పు సెకన్లను సుద్దతో గోడ మీద రాస్తున్నాడు, ప్రతి మోతాదుకూ. నిన్నటి అంకెలన్నీ మామూలు కంటే ఎక్కువ. చిక్కగా ఉందని కప్పు చెబుతుంటే, కలిపేటప్పుడే నీళ్లు ఎక్కువ తూచి పోశారు, త్రాసు లెక్కతోనే, నిజాయితీగా.

కప్పు తిరగేసి వెలుతురుకు పట్టి చూశాను. అడుగు రంధ్రం చుట్టూ మొన్నటి జిగురు గట్టిపడి, సగం దారి మూసుకుపోయి ఉంది. పిన్నుతో గీకి, వేడి నీళ్లలో కడిగి మళ్లీ పోస్తే అదే జిగురు పల్చగా జర్రున కారిపోయింది. ప్రతి షిఫ్టు చివర కప్పు కడగడం ఎవరి పని అన్నది ఇంకా తేలలేదు. మిక్సింగ్ వాళ్లు క్వాలిటీ వాళ్లదంటున్నారు, మా కుర్రాళ్లు మిక్సింగ్ వాళ్లదంటున్నారు. ఇవాళ్టికి నేను కడిగి పెట్టాను.